నాలుగో నట్టు

"గుడ్డ ఇయ్యే" అన్నాడు నా మొగుడు నరసింగరావు. ఇచ్చాను. పద్దెనిమిదేళ్లుగా ఇస్తూనే ఉన్నాను. గుడ్డ, పానా, సుత్తి, మంచినీళ్లు. ఇంజను బాగైతే ఆయన పనితనం. బాగవకపోతే నేను అందించడం ఆలస్యం.

గెడ్డ పక్క పొలానికి కరెంటు లేదు. ఈ ఆయిలింజను ఆ వాగు నీళ్లు తోడితేనే మొక్కజొన్న. ఇప్పుడది కండె పట్టే వేళ. ఆకులు అప్పుడే చుట్టుకుంటున్నాయి. రెండు రోజుల్లో తడి అందకపోతే గింజ కట్టదు. ఇంజను హెడ్డు కింద గాస్కెట్ పోయింది. పైన మూతలా ఉండే ఆ హెడ్డు ఎత్తాలంటే నాలుగు నట్లు రావాలి. మూడు వచ్చాయి. నాలుగోది కదల్లేదు. ఆయన పానా మీదికెక్కి తొక్కాడు.

"పక్కూరి అప్పలసూరి కాడ ఇనప గొట్టం ఉన్నాది. పానాకి తొడిగి లాగితే అదే వస్తాది."

"బోల్టు ఇరిగిపోతాదేమో."

"నీకేటి తెలుసే. ముట్టుకోకు." బండెక్కి వెళ్లాడు.

లోపల బోల్టు విరిగితే ఇంజన్ని విజయనగరంలో లేతు మిషను షాపుకి మోయాలి. వారం పడుతుంది. అప్పటికి చేను గడ్డి.

అదెందుకు పట్టేసిందో నాకు తెలుసు. దసరాకి ఇంజనుకి పసుపు రాసి, హెడ్డు మీదే కొబ్బరికాయ కొడతారు. నీళ్లు నట్ల సందుల్లోకి దిగుతాయి. పూజయ్యాక తుడిచి, నట్టుకో నూనె చుక్క వేసేదాన్ని నేను. అదొక పనని ఈ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నిరుడు దసరాకి నేను ముట్టయ్యాను. "ఇంజను సాయ రాకు, మైలపడతాది" అని మా అత్త తవిటమ్మ నన్ను పశువుల సాల వెనక కూర్చోబెట్టింది. ఆ మూడు రోజులూ నీళ్లు అక్కడే నిలిచాయి. తర్వాత పూజ పసుపు తుడవకూడదంది. తుప్పుకి మడి లేదు.

గజపతినగరం మెకానిక్ హరిబాబు ఇలాంటివి ఎలా విప్పేవాడో నేను చూశాను. టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆడదాన్ని ఎవరూ పట్టించుకోరు. నా మొగుడు అప్పుడు గట్టు మీద కునుకు తీసేవాడు.

నట్టు చుట్టూ డీజిల్ పోశాను. సుత్తితో పక్కల చిన్నగా కొట్టాను. మళ్లీ పోశాను. చెవులు బండి చప్పుడు మీదే ఉన్నాయి.

గట్టు మీంచి అత్త చూసింది. "ఒసే కుసుమా, ఇరిగితే ఆడు నిన్ను సంపేస్తాడు."

"ఆడు ఇరిస్తేనో?"

"ఆడి ఇంజను ఆడిష్టం."

పానా తొడిగాను. ముందు విప్పకూడదు, తుప్పు పట్టు వదిలేలా ఇంకాస్త బిగించాలి. బిగించాను. కిర్రుమంది. నట్టా, బోల్టా? విప్పే వైపు తిప్పాను. నట్టు కదిలింది. ఆ వెంటనే చేతికి మెత్తగా, సాగినట్టు తగిలింది. బోల్టు మెలిపడుతోంది. ఇంకో వెంట్రుకవాసి లాగితే తెగుతుంది. ఆపేశాను. మళ్లీ బిగించే వైపు తిప్పి, డీజిల్ పోసి, నూరు లెక్కపెట్టాను. సగం విప్పడం, పావు బిగించడం. దూరంగా బండి వినిపించింది. చెయ్యి తొందరపడతానంది. పడనివ్వలేదు. ఎర్రటి పొడి రాలింది. నట్టు పైకి లేచింది.

గొట్టంతో ఆయన దిగాడు, వెనకే అప్పలసూరి. గుడ్డ మీద నాలుగు నట్లు.

"గొట్టం లేకండానే తీసీసినావేటి బావా?" అన్నాడు అప్పలసూరి. "మా ఇంజనుకీ రెండు పట్టేసినాయి. రేపు ఓపాలి రా."

ఆయన నట్టు వైపు చూశాడు. నల్లబడ్డ నా చేతుల వైపు చూశాడు. "నేను ముందే లూజు సేసీసినాను. రేపొస్తాన్లే."

అంతా చూసిన అత్త గట్టు దిగి వెళ్లిపోయింది. నేనూ ఊరుకుంటే ఈ పనికీ నా పేరుండదు.

"ఆయన రాడు తమ్ముడా" అన్నాను. "నేనొస్తాను. మా మరదలు సీతమ్మని నా పక్కన కూకోమను. నేర్సుకుంటాది."