మేకులు పీకే సుత్తి

మేకులు పీకే సుత్తి కావాలని అడిగితే, ఇనుప సామాన్ల కొట్టాయన ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు. ఎవరూ లేరని తేలాక, సారుని పంపమన్నాడు. వారైతే చూసి తీసుకుంటారట.

"ఆయనకి కొట్టడమే వచ్చు" అందామె.

పోయిన నెల వెనకగది కిటికీ తెరుచుకోకుండా భర్త ఆరు మేకులు కొట్టాడు. ఆమె కుట్టుమిషను ఆ గదిలోనే. వంట, అంట్లు, అత్తగారి మందులు అన్నీ అయ్యాక అక్కడ కూచుని బట్టలు కుడుతూ, వెనకింటి నర్సుతో కిటికీలోంచి రెండు మాటలు మాట్లాడేది. ఓ రోజు గట్టిగా నవ్వింది. ఆ నవ్వు వీధి చివరిదాకా వినపడిందని అత్తగారు కొడుక్కి చేరవేసింది. కొడుకు దొంగల భయమన్నాడు. ఇన్నేళ్ళూ లేని దొంగలు ఒక్క నవ్వుకే ఎలా పుట్టుకొచ్చారో ఆమెకి అర్థం కాలేదు. గాలాడక కళ్ళు తిరుగుతున్నాయంటే, ఫ్యానుందిగా అన్నాడు. దీపం పెట్టినప్పుడల్లా దేవుణ్ణి ఓర్పునిమ్మని అడిగేది. ఈ ఉదయం మాత్రం, స్వామీ, ఈ ఇంట్లో ఓర్పు నా ఒక్కదానికేనా అని అడిగింది. చెప్పులేసుకుని బయల్దేరింది.

ఆడవాళ్ళకి ఇది చాలంటూ కొట్టాయన నున్నటి చిన్న సుత్తి చేతిలో పెట్టాడు. దాని వెనక మేకులు పీకే చీలికని వెలుతురుకి పెట్టి చూసింది. కొసలు మొద్దు. మేకుల తలలు చెక్కలోకి దిగిపోయేదాకా బాదాడు భర్త. వాటి కిందికి ఇవి దూరవు. ఇంకోదాని చీలిక మరీ వెడల్పు. ఒక మేకు అడిగి పుచ్చుకుని, ఒక్కో చీలికలో ఇరికించి లాగి చూసింది.

"కూతురికి సంబంధం చూస్తున్నట్టు చూస్తున్నారేంటమ్మా?"

"నాకైతే ఎవరూ ఇంత చూడలేదు" అందామె.

చివరికి కొసలు పలచగా, పిడి పొడుగ్గా ఉన్నది తీసుకుంది.

మధ్యాహ్నం సుత్తి కింద చిన్న చెక్క పెట్టి, పిడి మీద ఒళ్ళంతా వాల్చింది. మొదటి మేకు కీచుమంటూ వచ్చింది. ముందుగదిలోంచి అత్తగారు, అబ్బాయిని రానీ అంది. అబ్బాయి వచ్చేలోగా ఆరూ వచ్చేశాయి. చట్రం ఒకచోట చీలింది.

సాయంత్రం భర్త వచ్చి, తెరిచిన కిటికీని చూసి, చెయ్యి చాచాడు.

"ఆ సుత్తి ఇటివ్వు."

పధ్నాలుగేళ్ళుగా ఆ చెయ్యి చాస్తే చాలు, మంచినీళ్ళో తువ్వాలో కళ్ళజోడో అందులో పెట్టేది. ఇప్పుడూ తన చెయ్యి లేవబోవడం ఆమెకే తెలిసింది. సుత్తిని ఒళ్ళో పెట్టుకుని మిషను ముందు కూచుంది.

"ఇవ్వను" అంది.