గుండెనొప్పి ఇచ్చారు పిచ్చమ్మకి

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే, మిరప కోతకు పోవాల్సిన ఆడకూలీల ముఠాను జయరావు తన నర్సింగ్ కాలేజీ ఆసుపత్రికి ఆటోల్లో తోలించాడు. పేరుకే ఆసుపత్రి. మంచాలున్నాయి, రోగుల్లేరు. రోగుల దగ్గర పనిచేసి నేర్చుకుంటేనే నర్సుగా రిజిస్ట్రేషన్ ఇస్తామంటుంది నర్సింగ్ కౌన్సిల్. అందుకని ఏటా ఈ ఒక్కరోజుకి రోగుల్ని కూలికి తెస్తాడా పెద్దమనిషి.

వరండాలో నిలబడి రోగాలు పంచాడు. "నువ్వు టైఫాయిడ్. నువ్వు కాలు విరిగినదానివి, నడవబాక."

"నాకు గుండెనొప్పి ఇవ్వండయ్యా," అంది పిచ్చమ్మ. "కట్లూ గిట్లూ లేకుండా పడుకుంటా."

ఆమె మంచం దగ్గర షారోన్‌ని నిలబెట్టారు. ఇద్దరిదీ ఒకటే పేట. షారోన్‌కిది ఆఖరి సంవత్సరం. ఇన్నేళ్లలో ఆ పిల్ల చూసిన రోగులంతా ఇలా ఆటో దిగినవాళ్లే.

కాసేపటికి పిచ్చమ్మ రొమ్ము పట్టుకుంది. ఒళ్లంతా చెమట. "షారోనమ్మా, నిజంగానే నొస్తందే."

"ఇన్‌స్పెక్టర్లింకా కాఫీ తాగుతున్నారు పిన్నీ," అంది పక్క మంచం దగ్గర నిలబెట్టిన షారోన్ క్లాసు పిల్ల మహిమ. "యాక్షనంతా ఇప్పుడే అవగొట్టబాక."

వార్డంతా నవ్వింది. షారోన్ కూడా నవ్వింది.

కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. ఈమెకేంటన్నారు. గుండెనొప్పి సార్, అంది షారోన్. తలలూపి, పక్క హాల్లోకి భోజనాలకి పోయారు.

ముఠా అంతా మంచాలు దిగింది. పిచ్చమ్మ దిగలేదు. షారోన్ మణికట్టు పట్టుకుంది. నాడి దొరకలేదు. నాడే లేదో, తనకు దొరకడం లేదో తెలియలేదు. రొమ్ము మీద చేతులు పెట్టి నొక్కింది. ఎంత బలంగా నొక్కాలో ఎవరూ నేర్పలేదు. నేర్పడానికి కొన్న బొమ్మ ప్లాస్టిక్ కవరు విప్పకుండా అద్దాల బీరువాలో ఉంది.

జయరావు వచ్చి చూశాడు. "చేలో ప్రాణం పోయిందని చెప్పండి. నోరు జారితే కాలేజీ మూత. మీ రిజిస్ట్రేషన్లు అంతే సంగతులు."

అతను భోజనాల హాల్లోకి పోయాక, ఇంకో క్లాసు పిల్ల గీతాంజలి నెమ్మదిగా అంది. "ఆయనన్నదీ నిజమే గదే. సర్టిఫికెట్ లేకుండా ఇంటికెట్టా పోతాం?"

షారోన్‌కి ఏడుపు రాలేదు. భయమూ వేయలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. "సర్టిఫికెట్ వస్తే ఏం చేస్తావే? రేపింకో పిన్నికి నొప్పొస్తే గుర్తుపడతావా?"

గీతాంజలే ముందు కదిలి మంచం కాళ్లవైపు పట్టుకుంది. మిగతా పిల్లలు పట్టుకున్నారు. కూలీలు పట్టుకున్నారు.

మంచం పక్క హాల్లోకి తీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్ల విస్తళ్ల ముందు దించారు. జయరావు కుర్చీలోంచి లేచాడు గానీ, కూలీలు గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయారు.

"ఈమె పేషెంట్ కాదండి," అంది షారోన్. "మిరప కూలి. నొప్పంటే నవ్వాం. మాకు ఇక్కడ నేర్పింది అదే. మమ్మల్ని సర్కారు ఆసుపత్రి వార్డుల్లో వేయండి. నేర్పండి. ఆ తర్వాతే పరీక్ష, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. అందాకా ఇక్కణ్ణించి ఒక్కళ్లమూ లేవం."

పిల్లలంతా మంచం చుట్టూ నేల మీద కూర్చున్నారు.

జయరావు చేసిన ఫోన్‌కి బయట పోలీసు జీపు ఆగింది. కౌన్సిల్ పెద్ద ఇన్‌స్పెక్టరు ఎంగిలిచేత్తో లేచాడు. "చెయ్యి కడుక్కొస్తానమ్మా."

"కూర్చోండి సార్," అంది మహిమ. "చెప్పింది రాసుకున్నాక కడుక్కుందురు గాని."