నేపాల్‌కు కొన్న బూట్లు

మహేశ్వరికి కాలు ఒకచోట నిలవడం లేదు. హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఒక రోగికి సూది వేసి ఇంకో రోగి దగ్గరికి పోయేలోపు ఫోను తీసి నేపాల్‌లో చలి ఎంతుందో చూసుకుంటుంది. ఇంట్లో సంచి సర్దుతుంది, మళ్లీ విప్పుతుంది. నలభై దాటిన మనిషి, కాన్పులకు పుట్టింటికీ పెళ్లిళ్లకు బంధువుల ఊళ్లకూ తప్ప తనకోసం తాను ఎక్కడికీ పోయింది లేదు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే హరికృష్ణ ఏటా నలుగురైదుగురిని కొండలెక్కడానికి తీసుకుపోతాడు. ఈసారి నేపాల్ అన్నాడు. ఆ రోజు నుంచి ఈమె పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూడటం లేదు.

"కొండే కావాలంటే పెనుకొండ లేదామ్మే? మంచు సూడాలంటే ఫ్రిజ్జు తెర్సి సూడు," అని అత్త కదిరమ్మ దెప్పుతూనే ఉంది.

మహేశ్వరి పెనుకొండనూ వదల్లేదు. ప్రతి ఆదివారం రైల్లో పోయి కొండెక్కేది, అదీ వట్టి కాళ్లతో. పైన నరసింహస్వామి ఉంటే చెప్పులతో ఎక్కుతారా ఎవరైనా? నేపాల్ కోసం కొన్న కొత్త బూట్లతో నడవడం అలవాటు చేసుకోమని హరికృష్ణ చెప్పకపోలేదు. ఈమె మాత్రం వాటికి పసుపు కుంకుమ పెట్టి, ప్రయాణం రోజు తొడుక్కుందామని అట్టపెట్టెలోనే ఉంచింది. కొత్తచీరను ముందే కట్టి నలిపేస్తామా అనుకుంది. రోగులకు ఇన్ని బుద్ధులు చెప్పే మనిషికి తన కాళ్ల సంగతి తట్టలేదు.

ప్రయాణం రెండు వారాలుందనగా హరికృష్ణ అందరినీ పెనుకొండకు పిలిచాడు. సంచి మోస్తూ, బూట్లతో ఎక్కి చూపించాలన్నాడు. మహేశ్వరి స్వామికి లెంపలేసుకుని బూట్లు తొడిగింది. సగం కొండకే మడమలు మండిపోయాయి. దిగొచ్చి విప్పితే సాక్సులకు రక్తం.

హరికృష్ణ తల పట్టుకున్నాడు. "చెప్తే ఇనవు గదక్కా. ఆడ కాలు పుండయితే నిన్నెవురు మోస్తారు?"

"మానిపోతాయిలే హరీ. నర్సును, నాకు తెలీదా?"

"కాళ్లు మానతాయి. బూట్లు గట్టిగానే ఉంటాయి గదా. కాళ్లు మానేదాకా తొడగలేవు, తొడక్కపోతే అవి మెత్తబడవు. వచ్చే ఏడు సూద్దాంలే."

వచ్చే ఏడు! పెళ్లయినప్పటి నుంచీ ఏది అడిగినా ఇదే మాట. హిందూపురం వచ్చేదాకా రైలు కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఇల్లు చేరి బూట్లను గడప పక్కన గిరాటేసింది. కదిరమ్మ జరిగిందంతా అడిగి తెలుసుకుంది. మంచిదే అయింది అంటుందని చూస్తే, వంగి ఒక బూటు తీసి వేలితో నొక్కి చూసింది. మహేశ్వరికి అది ఇంకా మంట పుట్టించింది.

పొద్దున్నే వీధిలో ధన్ ధన్‌మనే చప్పుడుకు మెలకువ వచ్చింది. కుంటుకుంటూ పోయి చూస్తే, కదిరమ్మ. చీర ఎగ్గట్టి, ఆ బూట్లు తొడుక్కుని, వీధి ఈ కొసనుంచి ఆ కొసకు నడుస్తోంది. హవాయి చెప్పులు తప్ప ఎరగని మనిషి. ఎదురింటి గోవిందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అత్తా, ఏం చేస్తాండావు? నీ కాళ్లు పుండ్లయితాయి!"

"కానీలేమ్మే," అంది కదిరమ్మ, నడక ఆపకుండానే. "నేనేమన్నా యాడికన్నా పోయేదుండాదా?"