చెయ్యెత్తే రీలు

మా తమ్ముడు సైదులు ఒకప్పుడు దేవుడు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కోదాడలో మా నాయన భజనలో వీడు పాడుతుంటే విని, నాటకాల కంపెనీ మనిషి ఒకడు మద్రాసు తీసుకుపోయాడు. అక్కడ వాడి నెత్తిన నెమలి పింఛం పెట్టి, చేతికి పిల్లనగ్రోవి ఇచ్చి, బాలకృష్ణుణ్ణి చేసి సినిమా తీశారు. అప్పుడు వాడికి ఏడేళ్ళు. సైదులు అనే పేరు ఆ దొరలకు నచ్చలేదట, మాస్టర్ సుందరం అని మార్చారు. మూడు సినిమాలు ఆడాయి. ఈలోగా వీడికి మూతి మీద నూగు మొలిచింది, గొంతు బొంగురుపోయింది. ఇక ఇంటికి పొమ్మన్నారు. మద్రాసులో కారెక్కి తిరిగినవాడు మిర్యాలగూడలో వడ్ల మిల్లులో బస్తాలు మోశాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీద చూపించాలో తెలియక ఇంట్లో గిన్నెల మీద చూపించేదాన్ని.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు సత్యానందం గారి టూరింగ్ టాకీసు మిర్యాలగూడకు వచ్చింది. డేరా వేసి ఆడించింది మా వాడి మొదటి సినిమాయే. నిండా గీతలు పడ్డ పాత ప్రింటు. సైదులు వెళ్ళి, "గా పిల్లగాడు నేనే సార్" అన్నాడు. ఆయన నవ్వాడు. పాట పాడించుకున్నాక మాత్రం నవ్వలేదు, వాడికి డేరాలో పనిచ్చాడు. నాకూ ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపే పని దొరికింది.

సూర్యాపేటలో ఆయనకో ఆలోచన తట్టింది. ఆటకు ముందు సైదుల్ని తెర ముందు నిలబెట్టి, ఆ బాలదేవుడు ఈయనేనని కేకేయించాడు. జనం ఊరుకుంటారా? ఈలలే ఈలలు. "మీసాలోడు దేవుడేందిర, దిగు దిగు!" అన్నారు. మా వాడు తల దించుకుని దిగొచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. నేను ఆ ఈలలేసినవాళ్ళను వాళ్ళ తాతల దాకా తిట్టాను.

మా డేరాలో ఒక పద్ధతి నడిచేది. ఆఖరి రీలులో బాలకృష్ణుడు చెయ్యెత్తి దీవిస్తాడు. ఆ బొమ్మ రాగానే ఆడవాళ్ళు లేచి కొబ్బరికాయలు కొట్టి హారతి పట్టేవాళ్ళు. జబ్బు చేసిన పిల్లల్ని తెర ముందు పడుకోబెట్టేవాళ్ళు, ఆ వెలుగు మీద పడితే రోగం పోతుందని. సత్యానందం గారు ఆదివారం చర్చికి పోయే క్రైస్తవుడు. అయినా కొబ్బరి చిప్పలకు తట్ట పెట్టించాడు.

అక్కడి నుంచి కోదాడ వచ్చాం. ఒకనాడు దీపాలు పెట్టే వేళ, ఆట మొదలు కాకముందే, పక్క ఊరు అనంతగిరి నుంచి పిచ్చమ్మ అనే ఆవిడ కొడుకును భుజాన వేసుకుని వచ్చింది. నాలుగేళ్ళుంటాయి వాడికి. మెడ వాచిపోయింది. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో గరగరమంటోంది. సైదులు వాడి నోరు తెరిపించి చూసి తెల్లబోయాడు. మద్రాసులో తనతో పాటు వేషం కట్టిన పిల్లవాడొకడు ఈ రోగంతోనే పోయాడు.

"గొంతుల పొర కట్టిందమ్మా. సూది ఏపియ్యాలె. సూర్యాపేట బస్సు గాడ నిలబడ్డది, ఇదే ఆఖరుది. జల్ది ఎక్కు" అన్నాడు.

"పోత నాయినా. ఆయన సెయ్యెత్తినంక పోత."

"ఆట అయిపోయేదాంక బస్సు ఆగదు!"

"దేవుణ్ణి సూడకుంట ఎట్ల పోను?"

"నేనే గా దేవుణ్ణి! చిన్నగున్నప్పుడు నన్నే ఫోటువ తీసిన్రు. నేనే చెప్తున్న, పో తల్లీ!"

పిచ్చమ్మ వాడిని కింది నుంచి పైదాకా చూసింది. వెక్కిరింపు లేదు ఆ చూపులో, జాలి ఉంది. "నువ్వెట్లయితవు బిడ్డా? ఆయన పెరగడు గద" అంది.

వాడు అక్కడే నిలబడి ఆ సినిమాలో పాట ఎత్తుకున్నాడు. బొంగురు గొంతు పైస్థాయికి వెళ్ళలేక చీలిపోయింది. నాకిక ఓపిక చచ్చింది. "పిల్లగాడు సస్తున్నడు, నీకు పాటలు గావల్నా, బొమ్మలు గావల్నా? తెలివి ఉన్నదా నీకు?" అని పిచ్చమ్మ మీద పడ్డాను.

"ఇంతకుముందు ఇద్దర్ని దవాఖానకే తోల్కపోయిన అక్కా" అంది పిచ్చమ్మ. "ఇద్దరు గాడనే పోయిన్రు. వీన్నొక్కన్నన్న దేవునికి సూపెట్టనియ్యి."



అప్పుడు సైదులు మిషను నడిపే ఫకీరా దగ్గరికి పరుగెత్తాడు. ఆఖరి రీలు ముందు వెయ్యమని రెండు చేతులూ పట్టుకున్నాడు. సత్యానందం గారు లబోదిబోమన్నాడు. "కథ లేకుండా దీవెనేంటయ్యా? జనం డేరా పీకేస్తారు!" అన్నాడు. సైదులు ఆయన కాళ్ళ మీద పడ్డాడు. ఆయన అటు తిరిగి, "వేసి చావండి" అన్నాడు. బస్సు డ్రైవరు గోపయ్యను కాస్త ఆపమని నేను బతిమాలి వచ్చాను.

రీలు తిరిగింది. తెర మీద మా తమ్ముడు, ఏడేళ్ళవాడు, బుగ్గలు పొంగేలా నవ్వుతూ చెయ్యెత్తాడు. జనం మొదట గందరగోళపడ్డారు గానీ దేవుడు దేవుడే కదా, కొబ్బరికాయలు పగిలాయి. పిచ్చమ్మ కొడుకును వెలుగులో పడుకోబెట్టి భోరున ఏడ్చింది. ఇక బస్సెక్కుతుందని ఎంత ఆశ పెట్టుకున్నానో నాకే తెలుసు.

"ఇగ లే తల్లీ, బస్సు ఆగున్నది" అన్నాడు సైదులు.

పిచ్చమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఇగ దవాఖాన ఎందుకు నాయినా? ఆయనే సెయ్యి పెట్టిండు గద. రోగం ఖతమైనట్టే."

సైదులు పిల్లవాణ్ణి లాక్కోబోయాడు. మగవాళ్ళు లేచి మా వాడి రెక్కలు విరిచి పట్టుకున్నారు. "దేవుని ముందట ఆడమనిషి మీద సెయ్యేస్తవార?" అని రెండు తగిలించారు కూడా. నేను అరిచిన అరుపులు ఎవరికీ పట్టలేదు. బయట గోపయ్య హారన్ కొట్టి కొట్టి విసిగి, బస్సు తీసుకుని వెళ్ళిపోయాడు. పిచ్చమ్మ కొడుకును భుజాన వేసుకుని అనంతగిరి దారి పట్టింది. వాళ్ళ పట్టు వదిలించుకుని సైదులు ఆమె వెనకే వెళ్ళాడు. డేరాలో జనం మొదటి నుంచి వెయ్యమని గోల పెడితే ఫకీరా మొదటి రీలు ఎక్కించాడు.

తమ్ముడు మర్నాడు ఎండెక్కాక వచ్చాడు. మోచేతుల దాకా ఎర్రమట్టి. నీళ్ళు పోస్తే కడుక్కున్నాడు.

"గుంత నేనే తీసిన అక్కా" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి, పిచ్చమ్మ ఏమంటోందని అడిగాను.

"ఆయన తప్పు లేదంటున్నది. కథ సూడకుంటనే దీవెన అడిగినమంట, గందుకే అందలేదంట" అన్నాడు. చెంబు కింద పెట్టి నా వైపు చూశాడు. "ఎందుకు తొందరపెట్టినవు బిడ్డా అని నన్ను పట్టుకుని ఏడ్సిందే అక్కా."