రెండు ఆంప్లిఫయర్లు, ఒక ఉల్లిపొట్టు

ఆమె భర్త తాగడు, పేకాడడు, పరాయి ఆడవాళ్ల వంక తలెత్తి చూడడు. ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా మనిషికి పొద్దుపోయేది, కారు డిక్కీ ఖాళీగా ఉండేది. పెళ్లై పద్నాలుగేళ్లలో అతని మీద ఆమెకున్న ఫిర్యాదు ఇదొక్కటే. ఏ దురలవాటూ లేని మగవాడికి తీరిక దొరికితే ఏమవుతుందో తెలియాలంటే వాళ్ల కారు వెనక తలుపు ఎత్తి చూస్తే చాలు.

లోపల నల్ల గుడ్డ కప్పిన చెక్కపెట్టె ఒకటి, దానికి రెండు కళ్లలాగా మోత పుట్టించే పెద్ద స్పీకర్లు, రెండు సబ్‌వూఫర్లు. ఒక్కొక్కటీ పది మందికి వండే గిన్నె మీద మూతంత ఉంటుంది. పెట్టె పక్కనే, దానికి బలమిచ్చే ఆంప్లిఫయర్. ఇవన్నీ పోగా మిగిలిన చోట ఒక గొడుగు పడుకోవచ్చు, అదీ ముడుచుకుని పడుకోవాలి. పాటలో మాటలు వినపడాలని అతను ఎన్నడూ కోరలేదు. దబ్ దబ్‌మని చప్పుడు చేస్తే చాలు, గుండెలో తగులుతోందని మురిసిపోతాడు. అతను ఇంటికొస్తున్న సంగతి కారు వీధి మలుపు తిరగకముందే వంటింటి అరలో గ్లాసులు చెప్పేస్తాయి.

ఈ విద్యలో అతనికి గురువు అక్క మొగుడు. ఆ ఇంట్లో అందరూ ఆయన్ని అల్లుడుగారు అంటారు. కార్లకు సీటు కవర్లు, అద్దాలకు నల్లకాగితాలు, సౌండు పెట్టెలు బిగించే షాపు ఉంది ఆయనకు. అట్టపెట్టె మీద బంగారు రంగులో 'రెండు వేల వాట్లు' అని అచ్చేస్తే, అది చెక్కిన శాసనమని నమ్మే మనిషి. ఆమె మనసులో ఆయన పేరు రెండువేల వాట్లాయన. పైకి మాత్రం అన్నయ్యగారూ అనే పిలుస్తుంది. ఆ ఇంట్లో అల్లుడుగారు పప్పులో ఉప్పెక్కువైందంటే గిన్నె కడుగుతారు, గోడ వంకరగా ఉందంటే గోడ వంక అనుమానంగా చూస్తారు. ఆయన మాటకు ఎదురు చెప్పడమన్నది ఎవరికీ ఇంతవరకు తోచలేదు.

మొదటి ఆంప్లిఫయర్ బిగించిన వారానికే కాలిపోయింది. డిక్కీలోంచి కాలిన ప్లాస్టిక్కు వాసన, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఆమెకు ఎంత హాయిగా అనిపించిందంటే, ముఖం విచారంగా పెట్టుకోవడానికి కాస్త కష్టపడాల్సి వచ్చింది. అల్లుడుగారు వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని డిక్కీలోకి తొంగిచూశారు.

"దీని మీద ఏం పెట్టారు?"

"ఉల్లిపాయల సంచి అన్నయ్యగారూ," అంది ఆమె. "బజారు నుంచి వస్తూ."

"ఎన్ని?"

"ఐదు కిలోలు."

అల్లుడుగారు బావమరిది వంక తిరిగారు. నేరస్తుడు తనంతట తానే దొరికిపోయినప్పుడు పెద్ద పోలీసాఫీసరు చూసే చూపు అది.

"ఆంప్లిఫయర్‌కి ఊపిరాడాలి చెల్లెమ్మా. మనిషికి ముక్కు మూసేస్తే ఏమవుతాడు?"

"ఏమవుతాడన్నయ్యగారూ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తుందని ఆయన అనుకోలేదు. "అదే, ఇలా అవుతాడు," అని కాలిన డబ్బా చూపించారు.

అంతకు ముందు వారం ఆ డబ్బా పది నిమిషాలు మోగితే చాలు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. వేడెక్కితేనే బాగా పనిచేస్తున్నట్టు అని చెప్పింది ఈయనే. ఆ సంగతి ఆమె గుర్తు చేయలేదు. ఉల్లిపాయలు డిక్కీలోంచి బహిష్కరణకు గురయ్యాయి. ఆ రోజు నుంచి ఆమె కారు నడుపుతూ సంచిని తన పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి తీసుకొచ్చేది.

రెండోది పన్నెండు రోజులు బతికింది. ఈసారి దాని మీదగానీ, చుట్టుపక్కలగానీ ఏమీ లేదు. అల్లుడుగారు టార్చిలైటు తెచ్చారు, పెట్టె జరిపారు, కార్పెట్టు ఎత్తారు, అరగంట వెతికారు. చివరికి రెండు వేళ్ల మధ్య గోరంత ఉల్లిపొట్టు పట్టుకుని లేచి, దాన్ని తీసుకెళ్లి అత్తగారి అరచేతిలో పెట్టారు.

"చూడండి. దీని రంధ్రాల్లోకి ఇలాంటివి పోతే ఇంకేం మిగులుతుంది?"

ఆమె కూడా వంగి చూసింది. అది ఉల్లిపొట్టే. తనదే. కాదనడానికి లేదు. గోరంత పొట్టు రెండు వేల వాట్లను చంపగలిగితే, ఇన్నేళ్లుగా తను వంటింట్లో చేతులతో పట్టుకుంటున్నది ఎంత ప్రమాదకరమైన సరుకో అనుకుంది.

"నేనొకటి చెప్తాను, ఏమీ అనుకోకండి," అన్నారు అల్లుడుగారు. "ఈ కారు తాళం మగవాళ్ల దగ్గరే ఉంటే మంచిది. సరుకులకేం, ఫోన్ చేస్తే ఇంటికే తెచ్చిస్తారు."

"ఆదివారం మూడోది బిగిద్దాం బావా," అన్నాడు భర్త. తర్వాత ఆమె వంక చూడకుండా, "ఇది కూడా పోయిందంటే తాళం ఇక నా దగ్గరే," అన్నాడు.

ఆ మాటకు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. బుధవారం, శనివారం బజారుకు వెళ్లడానికి గంట చాలు. ఆమె రెండు గంటలు తీసుకుంటుంది. బజారు వెనక సందులో గ్రంథాలయం ఉంది. ఆ రెండో గంట అక్కడ, కిటికీ పక్క బల్ల దగ్గర గడుస్తుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. వారం మొత్తం మీద ఎవరూ 'ఏమే' అనో, 'వదినా' అనో, 'అమ్మా' అనో పిలవని రెండు గంటలు అవే. సరుకులు ఫోన్ చేస్తే ఇంటికొస్తాయి, నిజమే. గ్రంథాలయం రాదు.

శుక్రవారం పొద్దున వంటింటి అర తుడుస్తూ నూనె సీసా ఎత్తింది. కింద పరిచిన కాగితం మొదటి ఆంప్లిఫయర్ అట్టపెట్టెలోది. భర్త పారేస్తే ఆమే తీసి అరలో వేసింది. నాలుగు భాషల్లో అచ్చయిన ఆ కాగితంలో, చదవగలిగిన భాష ఉన్న మూలకే సీసా అడుగు మరక పడింది. ఆ మరక గుండ్రంలో సరిగ్గా ఒక హెచ్చరిక ఇరుక్కుని ఉంది: 'సబ్‌వూఫర్ లోడ్ రెండు ఓంలకు తగ్గరాదు. తగ్గితే పరికరం మితిమీరి వేడెక్కి కాలిపోవచ్చు.'

ఆమె డిగ్రీలో ఫిజిక్సు చదివింది. పెళ్లికి ముందు ఆ సంగతి ఒకసారి ప్రస్తావనకు వచ్చింది, తర్వాత ఎవరికీ అవసరం పడలేదు. సీసా పక్కన పెట్టి, అటక మీది సబ్‌వూఫర్ల అట్టపెట్టె దించింది. పాత దుప్పట్లు ఉన్నాయి అందులో. పక్కన రాసుంది: ఒక్కో స్పీకర్లో రెండు కాయిళ్లు, ఒక్కో కాయిలు నాలుగు ఓంలు. డిక్కీ దగ్గరికి వెళ్లి చూసింది. నాలుగు కాయిళ్ల పాజిటివ్ తీగలన్నీ ఒక ముడి, నెగటివ్ తీగలన్నీ ఇంకో ముడి. అల్లుడుగారు గర్వంగా చెప్పుకునే 'మా షాపు పద్ధతి' ఇదే.

పాల లెక్క రాసుకునే పెన్సిలుతో కాగితం అంచున లెక్క వేసింది. నాలుగు ఓంల కాయిళ్లు నాలుగు అలా పక్కపక్కన కలిపితే వచ్చేది ఒక్క ఓం. ఓంలు తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ మీద బరువు పెరుగుతుంది. ఒకే మోటారు మీద నాలుగు కుళాయిలు బార్లా తిప్పేసి, మోటారు కాలిపోతే పక్కన ఎండుతున్న తువ్వాలు మీద నేరం మోపినట్టుంది వ్యవహారం.

అక్కడితో ఆగలేదు. కాలిన డబ్బా వెనక రెండు ఫ్యూజులున్నాయి, ఒక్కొక్కటి ఇరవై అయిదు ఆంపియర్లు. కారు బ్యాటరీ పన్నెండు వోల్టులు. ఎంత గీకినా ఆరువందల వాట్లకు మించి ఆ డబ్బా లోపలికే వెళ్లదు. మిగతా పద్నాలుగువందల వాట్లూ అల్లుడుగారి నోట్లోంచి రావాల్సిందే.

సాయంత్రం భర్తకు చెప్పింది. అతను సాక్సు విప్పుకుంటూ విన్నాడు, అంటే వినలేదు.

"నువ్వు చదివింది పుస్తకం. బావ చేసేది పని," అన్నాడు.

"ఆ పని రెండుసార్లు కాలింది కదండీ."

"కాలింది ఎందుకో తేలింది కదా. ఇప్పుడు బావతో ఇవన్నీ అనకు. బాగోదు. అమ్మ బాధపడుతుంది."

ఆమె సరేనంది. ఆమె సరే అన్నప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాలని పద్నాలుగేళ్లలో అతనికి తెలిసి ఉండాల్సింది.

ఆదివారం పదింటికి కారు షెడ్డులో అందరూ చేరారు. అల్లుడుగారు అదే రకం కొత్త డబ్బా బిగించి, తీగలు అదే పద్ధతిలో రెండు ముళ్లేశారు. మెడలో మల్టీమీటరు సంచి వేలాడుతోంది. తీగల్లో కరెంటు, లోడు కొలిచే ఆ మీటరు ఎప్పుడూ ఆయన మెడలోనే ఉంటుంది, దాంతో ఆయన ఏదైనా కొలవగా చూసినవాళ్లు తక్కువ. ఆడపడుచు గుమ్మం మెట్టు మీద కూర్చుంది. అత్తగారికి ప్లాస్టిక్కు కుర్చీ, పక్కన స్టూలు వేశారు.

అత్తగారికి ఒక అలవాటుంది. అచ్చులో ఏది కనపడినా పైకి చదువుతారు. మందు బిళ్లల అట్ట మీది తేదీ, సబ్బు కాగితం మీది చిరునామా, బస్సు వెనక రాసిన ఫోన్ నంబరు, ఏదీ వదలరు. ఆమె టీ గ్లాసు తెచ్చి, స్టూలు మీద మరక పడకుండా కింద ఒక కాగితం మడిచి వేసి, దాని అంచు మీద గ్లాసు పెట్టింది. వేసింది ఏ కాగితమో, ఏ వాక్యం పైకి కనపడేలా మడిచిందో చెప్పక్కర్లేదు.

తర్వాత డిక్కీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఆ మీటరుతో ఈ రెండు ముళ్ల మధ్య ఎన్ని ఓంలున్నాయో తెలుస్తుందా?"

"ఎందుకు తెలీదు," అన్నారు అల్లుడుగారు. మీటరు పనిచేస్తుందా అని ఎవరో అనుమానించినంత నొప్పి కనపడింది ముఖంలో. ముళ్లు ఆంప్లిఫయర్ నుంచి ఊడదీసి, మీటరు తీగలు ఆనించారు. "ఇదిగో, పాయింట్ తొమ్మిది. ఒకటనుకో."

"తక్కువుంటే మంచిదాండీ?"

"తక్కువుంటేనే పవర్ ఎక్కువ లాగుతుంది. ఇవన్నీ నీ బుర్రకెందుకులే చెల్లెమ్మా."

"లోడ్ రెండు ఓంలకు తగ్గరాదు," అన్నారు వెనక నుంచి అత్తగారు.

అందరూ తిరిగి చూశారు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, మందుల అట్ట చదివే గొంతుతోనే చివరిదాకా చదివారు. "తగ్గితే పరికరం మితిమీరి వేడెక్కి కాలిపోవచ్చు." చదివి, టీ ఒక గుక్క తాగి, "ఒకటంటే రెండు కంటే తక్కువే కదా అల్లుడుగారూ?" అన్నారు.

అల్లుడుగారు నవ్వారు. "కంపెనీ వాళ్లు అలాగే రాస్తారండీ. భయపెట్టడానికి."

"నా మందుల మీద కూడా అలాగే రాస్తారు బాబూ. నేను భయపడే వేసుకుంటాను."

"అమ్మా, నువ్వూరుకో," అన్నాడు భర్త. కానీ అతని చూపు మీటరు మీదే ఉంది. "బావా, మొదటిది కూడా ఇలాగే కట్టామా?" అన్నాడు.

"ఇలాగే."

"రెండోది?"

"మన పద్ధతి ఎప్పుడూ ఒకటేనోయ్," అన్నారు అల్లుడుగారు గర్వంగా. నోరు మూశాక గానీ అన్నదేమిటో ఆయనకు వినపడలేదు. మెట్టు మీద ఆడపడుచు మొగుడి వంక చూడకుండా, తన గాజు ఒకటి అటూ ఇటూ తిప్పుకుంది.

ఆమె చీర కొంగుకు అంటిన పిండి దులుపుకుంది. "నాకేం తెలుసు గానీ, ఒక్కో స్పీకర్లో రెండు కాయిళ్లనీ ఒకదాని వెనక ఒకటి కట్టి, ఆ రెండు స్పీకర్లనీ పక్కపక్కన కలిపితే నాలుగు ఓంలు రావాలేమో. వంటింట్లో కూర్చుని ఊరికే లెక్క వేశాను."

"నేనూ అదే అనుకుంటున్నాను," అన్నారు అల్లుడుగారు. ఎప్పటి నుంచి అనుకుంటున్నారో ఎవరూ అడగలేదు. తీగలు విప్పారు, చెక్కపెట్టె మరలు ఊడదీశారు, గంటసేపు చెమటలు కక్కుతూ మళ్లీ కట్టారు. మధ్యలో ఒకసారి ఏది దేని వెనకో మర్చిపోతే ఆమె వేలు పెట్టి చూపించింది. మీటరు ఆనించారు. మూడు పాయింట్ ఆరు.

"ఇదైతే రెండు కంటే ఎక్కువ," అన్నారు అత్తగారు, తనకు లెక్క వచ్చని తెలిసిన సంతోషంతో.

భర్త ఇంజను స్టార్టు చేసి పాట పెట్టాడు. వంటింట్లో గ్లాసులు తమ వంతు పాడాయి. ఆమె లోపలికి వెళ్లి ఐదు కిలోల ఉల్లిపాయల సంచి తెచ్చి, మోగుతున్న ఆంప్లిఫయర్ మీద పిల్లాణ్ని పడుకోబెట్టినంత నెమ్మదిగా పెట్టింది.

అల్లుడుగారు నోరు తెరిచారు.

"ఉండనీ బాబూ," అన్నారు అత్తగారు. "చూద్దాం."

చూశారు. పది నిమిషాలు, ఇరవై, అరగంట. భర్త పాట మీద పాట మార్చాడు. సంచిలోంచి ఒక పొట్టు జారి డబ్బా రంధ్రాల మీదే వాలింది. ఎవరూ దాన్ని తీయలేదు. చివరికి భర్త సంచి పక్కకు జరిపి డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించి, తీయకుండా అలాగే ఉంచాడు.

"గోరువెచ్చగా ఉంది బావా."

అల్లుడుగారు కూడా చెయ్యి పెట్టి చూశారు. ఇంకో చెయ్యి కూడా పెట్టారు. తర్వాత మీటరు తీగలు చుట్టి, సంచిలో పెట్టి, జిప్పు మెల్లగా లాగారు.

"ఉల్లిపాయల వల్ల కాదులెండి అయితే," అన్నారు.

"మరి పొట్టు?" అన్నారు అత్తగారు. దాన్ని ఆ రోజు అరచేతిలో పట్టుకున్నది ఆవిడే మరి.

"పొట్టు వల్ల కూడా కాదు."

"మరి ఎవరి వల్ల?"

అల్లుడుగారు ఏదో గొణిగారు. పెదాలు కదిలాయి గానీ, రెండు సబ్‌వూఫర్లు దబ్ దబ్‌మంటుంటే మాట ఎవరికీ అందలేదు. ఆమె వెళ్లి ఇంజను ఆపింది. తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుని, వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. వీధి వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"చెప్పండన్నయ్యగారూ."

ఆయన ఒకసారి భార్య వంక, ఒకసారి అత్తగారి వంక చూశారు. అటు నుంచి సాయం వచ్చే సూచన కనపడలేదు.

"నా వల్లే చెల్లెమ్మా," అన్నారు. "రెండూ నేనే కాల్చాను. తప్పు నాదే."