కాపడం దిమ్మ

హనుమేష్ మీట వదిలాడు. ఇనుప గుండు దబ్బున పడి నల్లటి దిమ్మను అణగదొక్కింది. గుండు ఎత్తేసరికి దిమ్మ మళ్లీ పొంగింది. అతను దాన్ని అమ్మనాబూతులు తిట్టి, గుండును ఇంకా పైకి లాగాడు.

ఓర్వకల్లు షెడ్డులో అతని కొలువు అదే. ఎండ వేడితో గదులు చల్లబరిచే యంత్రం కోసం అక్కడ స్పాంజిలాంటి నురుగు దిమ్మలు పోస్తారు. వేడికి ఆరడం, ఆవిరి పీల్చడం, మళ్లీ ఆరడం వాటి పని. ఎన్నేళ్లు ఓర్చుకుంటాయో తేల్చడానికి కాచి, తడిపి, కొట్టి చూస్తారు. కొట్టడం హనుమేష్ వంతు. రాళ్లు పగలగొట్టి ముదిరిన చేతులు అతనివి. దెబ్బకు దెయ్యమైనా దిగుతుందని నమ్మిన మనిషికి ఈ మెత్తటి దిమ్మ లొంగకపోవడం తలకొట్టేసినట్టుండేది.

ఇంట్లోనూ ఆ చేతులే కదా. ఈ పొద్దున రొట్టె మాడిందని పెళ్లాం ఉరుకుందమ్మ తలను గోడకేసి కొట్టాడు. కనుబొమ చిట్లి నెత్తురు జొన్నపిండిలో పడింది. ఆమె ఏడవలేదు.

"ఇంగ నాతో కాదు. ఈసారి పోతా."

"యాడికి పోతావు? నీకెవరుండారు?" అని డొక్కలో తన్ని, టిఫిన్ డబ్బా అందుకున్నాడు. ఆమె పోతాననడం పెళ్లయినప్పటినుంచీ వింటున్నదే. ఏ సాయంత్రమూ పొయ్యి వెలగకుండా లేదు.

ఆమె ఓర్పుకూ ఒక ఆసరా ఉండేది. అతను ఎప్పుడో షెడ్డు నుంచి తెచ్చి పడేసిన పాత దిమ్మను మిద్దె మీద ఎండబెట్టేది. బాగా ఎండిన దిమ్మకు నీళ్లు తగిలితే వెచ్చబడుతుంది. దెబ్బలు తిన్న రోజు దాంతోనే కాపడం పెట్టుకునేది, పాపం.

మధ్యాహ్నం, నెలల తరబడి గుండు దెబ్బలు తిన్న ఇంకో దిమ్మను తూకానికని రెండు వేళ్లతో ఎత్తాడు. అది పొడిపొడిగా రాలిపోయింది.

"గట్టిగా కొట్టినావా అన్నా?" ఇంజనీరు సుప్రజ అడిగింది.

"లేదు మేడం. ఈ పొద్దు దీన్ని కొట్టనే లేదు. ఊరికే ఎత్తినా."

"లోపల్లోపలే విడిపోయింటాది. పైకి కనపడదు."

హనుమేష్‌కు పొద్దున ఉరుకుందమ్మ ఏడవకపోవడం గుర్తొచ్చింది. బుద్ధెరిగాక మొదటిసారి భయమేసింది. ఎవరికీ చెప్పకుండా బండి తీశాడు.

ఇంటి తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. తీసి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. గోడ మీది నెత్తురు శుభ్రంగా తుడిచి ఉంది.

"బస్సెక్కింది," అన్నాడు పక్కింటి పెద్దాయన ఈరన్న. "యాడికని నేనడగలే. నువ్వూ ఎతకొద్దప్పా."

మిద్దె ఎక్కాడు. పిట్టగోడ మీద ఆమె వదిలి వెళ్లిన కాపడం దిమ్మ ఒక్కటే ఎండుతూ ఉంది. చెంబెడు నీళ్లు తెచ్చి చిలకరించాడు. దిమ్మ ఎప్పటిలాగే వెచ్చబడింది.