వేలు పట్టుకున్న ఫొటో

కళ్లజోళ్ల షాపులో పని ముగించుకుని కోడలు సాయంత్రానికి ఇల్లు చేరేది. అయిదు అంతస్తులూ ఎక్కి రొప్పుతూ గుమ్మంలో నిలబడేసరికి, చెప్పులైనా విప్పకముందే, లోపల్నుంచి అత్తగారి కేక వినబడేది. ఇవాళ్టివి ఏవీ, చూపించు అని. దాన్ని ముందు మంచినీళ్లు తాగనివ్వమ్మా అని కొడుకు అడ్డుపడేవాడు. నీళ్లెక్కడికీ పారిపోవు, ఫొటోలైతే చల్లారిపోతాయి అనేది ఆవిడ.

కోడలి దగ్గర కెమెరా లేదు. ఓ మూల చిట్లిన ఫోనూ, అందులో ఓ కెమెరా యాపూ, అంతే. దాంతోనే ఆ పిల్ల ఏమేం చేసేదో చూస్తే ముక్కున వేలేసుకోవాల్సిందే. వాననీటి గుంట పక్కన ఫోన్ని తలకిందులుగా, తడవడానికి వెంట్రుకవాసి దూరంలో పెట్టి తీస్తే బస్సు మబ్బుల మీదుగా పోతున్నట్టు వచ్చేది. లెన్సు మీద ఒక్క నీటిచుక్క వేసి తీస్తే చొక్కా గుండీ పళ్లెమంత అయ్యేది. వీధి దీపం వెనక్కి తను జరిగి, నీడల్ని ముందుకి లాగేది. ఇంత చేసీ అత్తగారు ఊఁ అనకపోతే ఆ ఫొటో ఉంచేది కాదు. ఆవిడ ఫోన్ని చేతికందినంత దూరం పెట్టి, కళ్లు చికిలించి, తీర్పు చెప్పేది. దీంట్లో ఆకాశం మరీ ఎక్కువైంది, కొయ్యి. ఈ కుక్క ఎటో వెళ్దామనుకుంటోంది, దాని ముందు కాస్త చోటు వదలొద్దూ? మోకాళ్లు అరిగిపోయి మూడేళ్లుగా ఇల్లు కదలని మనిషికి వీధంటే ఆ ఫొటోలే. అందుకే అంత ఆకలిగా చూసేది.

బిల్డింగులో వాళ్లకి మాత్రం ఈ గుంటలూ నీడలూ పట్టేవి కావు. వాళ్లకి కావలసినవి అరచేతి ఫొటోలు. దూరంగా ఉన్నదాన్ని దగ్గరున్న అరచేతిలో నిలబెట్టినట్టు తీస్తారే, అవి. కోడలు అలా తీసిందంటే, ఎవరి చేతిలో ఆ వస్తువు నిలబడిందో వాళ్లకది పొద్దు గుంకేదాకా కనబడినంత తేలికైపోయేది. లిఫ్టు ఉండాల్సిన చోట గొయ్యి తప్ప ఏమీ లేని ఆ బిల్డింగులో ఇదెంత సుఖమో వేరే చెప్పాలా? బీరువా వచ్చిందంటే కోడల్ని పిలిచేవాళ్లు. ఆమె వీధి చివర నిలబడి, కొన్నవాడి చెయ్యి ఇలా చాపించి, అలా వంచి, టక్కున నొక్కేది. అతగాడు బీరువాని చంకలో పెట్టుకుని ఈలేసుకుంటూ మెట్లెక్కిపోయేవాడు. కాకపోతే పని శుభ్రంగా జరగాలి, అడుగుభాగం చేతికి ఆనినట్టే ఉండాలి. రెండో అంతస్తు గుమాస్తాగారి మంచానికి ఒక కోడు పిసరంత గాల్లో ఉండిపోయింది. మూడు కోళ్లు దూదిపింజలే గానీ నాలుగోది ఎప్పటిలాగే ఇనుము. పాపం, ఆయన మెట్లన్నీ ఓ పక్కకి ఒరిగిపోయి ఎక్కాడు.

మరి మీ అత్తగారిని దింపొచ్చుగా అని అందరూ అడిగేవాళ్లు. అడగడానికేం, నోరుంటే చాలు. ఆవిడ నిండైన మనిషి. గదిలో తీద్దామంటే కోడలి వీపుకి గోడ తగిలేదే గానీ ఆవిడ అరచేతిలో ఇమిడేది కాదు. బాల్కనీలో నిలబెట్టి బయటినుంచి తీద్దామంటే పిట్టగోడ అడ్డం, నడుం పైభాగమే కనబడేది. ఓసారి అదే పదివేలనుకుని తీశారు. నడుం పైనంతా తేలికైపోయి, కాళ్లు ఎక్కడివక్కడే ఉండి, సాయంత్రందాకా ఆవిడ దండెం మీది చొక్కాలా ఊగింది. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లొచ్చాయి గానీ, మళ్లీ నా జోలికి రావద్దని గట్టిగానే చెప్పేసింది. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోస్తామని కొడుకన్నా ఒప్పుకోలేదు. నలుగురూ మోసేది ఒక్కసారేరా, ఆ ముచ్చట అప్పటికి దాచుకోండి అంది.

ఆవిడకో అక్కగారు. వీధికి అవతల, ఎదురు బిల్డింగులోనే, కింది వాటాలో మనవరాలితో ఉండేది. గుండెజబ్బు మనిషి, మెట్లెక్కకూడదు. ఈవిడ దిగలేక, ఆవిడ ఎక్కలేక, రోజూ మధ్యాహ్నం ఈవిడ బాల్కనీలోనూ ఆవిడ గుమ్మం ముందూ కుర్చీలేసుకుని, ఫోన్లు చెవిన పెట్టుకుని, ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. చెల్లెలి జుట్టు తెల్లబడిందని అక్కగారు దెప్పేది. నాకు ఇక్కణ్ణుంచి నీ నడినెత్తే కనబడుతోంది, అక్కడసలు జుట్టే లేదని ఈవిడ తిప్పికొట్టేది.

ఆ మనవరాలు స్కూల్లో టీచరు. ఉన్నట్టుండి ఆమెకి వేరే ఊరు బదిలీ అయింది. ఆదివారం పొద్దున్నే వ్యాను వస్తుందని అక్కగారు నవ్వుతూ చెప్పింది, చెల్లెలు నవ్వుతూనే విని ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రం కోడలు ఇంటికొస్తే కేక వినబడలేదు. చెప్పులతోనే కాసేపు నిలబడి చూసింది. లోపలికి వెళ్లి ఫోను తనే చేతికిస్తే, తర్వాత చూస్తాలే అమ్మాయీ అంది అత్తగారు. మర్నాడూ అదే మాట. బతిమాలగా బతిమాలగా, గోడకేసి తిరిగి పడుకుని అసలు సంగతి బయటపెట్టింది.

"ఒక్క పూట దాని పక్కన కూర్చోవాలనుంది. వెళ్లిపోయాక ఇంక మాకు ఈ చూపులు కూడా ఉండవు."

కోడలు ఊరికే ఆవిడ ధ్యాస మళ్లిద్దామని, పక్కన కూర్చుని ఫొటోలు ఒక్కొక్కటే జరపడం మొదలుపెట్టింది. ఒకదాని దగ్గర అత్తగారి వేలు ఆగింది. బస్టాపులో ఎవరో తండ్రి, అతని వేలు పట్టుకుని వేలాడుతున్నట్టు నడుస్తున్న పిల్ల. ఆవిడ పాత అలవాటుకొద్దీ కళ్లు చికిలించింది.

"కాళ్లు నేల మీదున్నాయి గానీ, ఈ పిల్ల బరువంతా ఆ వేలి మీదే ఉంది చూడు."

కోడలు చూసింది. ఇన్నాళ్లూ అడుగులూ అరచేతులూ అని కొట్టుకుందే గానీ, బరువన్నది కిందనుంచి మోసేది మాత్రమే కాదని, పైనుంచి పట్టుకుని వేలాడేది కూడానని బుర్రకి తట్టనే లేదు. వేలు పట్టుకోవడానికి కాళ్లు కనబడాల్సిన పనేముంది, చెయ్యి కనబడితే చాలదూ?

శనివారం షాపుకి సెలవు పెట్టి, ఎండ నడినెత్తికొచ్చే వేళకి అక్కగారి బిల్డింగు డాబా ఎక్కింది. ఎండ అంత ఉంటే తప్ప దగ్గరున్న వేలూ, వీధి అవతలున్న మనిషీ రెండూ స్పష్టంగా పడవు. వేలు మసకైతే పట్టూ మసకే. ఎదురుగా బాల్కనీలో అత్తగారు నిలబడి ఉంది. వెనకాల కొడుకు, ఫొటోలో పడకుండా పిట్టగోడ చాటున నక్కి, కుర్చీ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కోడలు ఎడమచేత్తో ఫోను పట్టుకుని, కుడిచెయ్యి దాని ముందుకి చాపి, చూపుడువేలు కిందికి వంచింది. తెర మీద ఆ వేలు స్తంభంలా దిగి అత్తగారి తల పక్కన ఆగింది. చెయ్యెత్తమని కేకేసింది. ఎత్తింది. ఇంకాస్త ఎడమకి. ఇంకాస్త పైకి. నొక్కింది, చూసుకుంది, పెదవి విరిచింది. రెండో చెయ్యి పిట్టగోడని పట్టుకునే ఉంది. బరువు సగం దాని మీదే ఉండిపోయింది.

"అత్తయ్యా, రెండోది కూడా వదిలేయాలి."

"వదిలేసి దేన్ని పట్టుకోమంటావే? ఇక్కడ గాలి తప్ప ఏముంది?"

"నా వేలుంది."

"నాకు కనబడట్లేదు."

"నాకు కనబడుతోంది."

వీధిలో పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి పైకి చూశారు. అత్తగారు కిందికి చూసింది, ఎదురు డాబా కేసి చూసింది. మూడేళ్లుగా గోడో, కుర్చీయో, కొడుకు భుజమో పట్టుకోకుండా ఒక్క క్షణం నిలబడి ఎరగదు. అయినా, పిట్టగోడ మీంచి చెయ్యి తీసేసింది. రెండు చేతులూ తలపైకి ఎత్తి, ఏమీ లేని చోట, గట్టిగా గుప్పిళ్లు బిగించింది. అదీ ధైర్యమంటే. కోడలి కళ్లు మసకబారాయి గానీ బొటనవేలు తడబడలేదు.

తీసినవాటన్నిటిలోకీ అంత చక్కని ఫొటో మళ్లీ రాలేదంటే నమ్మండి. ఎండలో మెరుస్తున్న వేలు, దాని మీది చిన్న కుట్టు మచ్చతో సహా. దాన్ని రెండు చేతులా పట్టుకుని, తల పైకెత్తి, ఎవరో నడిపిస్తామంటే సరేనన్న పసిపిల్లలా పెద్దావిడ. పట్టులో వెంట్రుకంత సందు లేదు.

కోడలు ఆ మెట్లు దిగి, ఈ మెట్లెక్కి, ఆయాసంతోనే వేలు చాపింది. అత్తగారు పట్టుకుంది. ఆరిన తువ్వాలు వేలికి తగిలించినంత బరువు తెలిసింది, అంతే. ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు, వెనకాలే కొడుకు. ప్రతి అంతస్తులోనూ తలుపులు తీసి పలకరించారు. ఆవిడ తేలికైపోయినందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు గానీ, మీరింత పొడుగని తెలీదే అని మాత్రం అందరూ ఆశ్చర్యపోయారు. రెండో అంతస్తులో గుమాస్తాగారు మంచం సంగతి ఎత్తబోతే, మళ్లీ తీస్తుందిలెండి అని ఆవిడే సర్దిచెప్పింది. వీధి దాటుతున్నప్పుడు బస్సొకటి ఆగి దారిచ్చింది.

అక్కగారు గుమ్మం ముందు కుర్చీలో కూర్చునే ఉంది. లేవలేదు, ఏడవలేదు.

"ఇంతాలస్యమా బుజ్జీ?" అంది.

"అయిదు అంతస్తులు కదక్కా" అంది అత్తగారు, ఆవిడ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంటూ.

లోపల సామానంతా అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయి, ఒక్క మంచం మిగిలింది. అక్కాచెల్లెళ్లు దాని మీద, మిగతావాళ్లు పెట్టెల మీద. చిన్నప్పుడు నీళ్ల కూజా పగలగొట్టిందెవరన్న దగ్గర మొదలై, ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. చేతులు మాత్రం వదల్లేదు. కొత్త ఊళ్లో ఇల్లు ఎలాంటిదని కొడుకు అడిగితే మనవరాలు చెప్పింది. గుమ్మానికి మెట్టు కూడా ఉండదట, వాకిట్లోకి నేరుగా దిగడమేనట. నా దగ్గరికొచ్చి ఉండమని ఎప్పట్నుంచో అంటున్నాను, ఇది వింటేగా అని అక్కగారు గొణిగింది.

కిటికీలో ఎండ ఎర్రబడింది. కోడలు రెండుసార్లు కిటికీకేసి, ఒకసారి మొగుడికేసి చూసి, లేచి వేలు చాపింది.

"వెలుగు తగ్గిపోతోంది అత్తయ్యా. పైకి వెళ్దాం."

అత్తగారు ఆ వేలిని నిమిరింది. పట్టుకోలేదు. సర్దుకుని, అక్కగారికి ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది. కోడలు చాపిన వేలు అలాగే ఉండగానే కిటికీలో ఎరుపు పోయింది. మంచం కిర్రుమని కిందికి దిగింది.

కొడుక్కి కంగారు పుట్టింది. ఇప్పుడెలా తీసుకెళ్లడమని లేచి నిలబడ్డాడు. మరేం ఫర్వాలేదు, పొద్దున్న ఎండెక్కగానే ఇంకో ఫొటో తీసి పైకి తీసుకెళ్తానని కోడలు సముదాయించింది.

"తియ్యి అమ్మాయీ, తప్పకుండా తియ్యి" అంది అత్తగారు. "వ్యాను మెట్టు చాలా ఎత్తుంటుందట."

అక్కగారు పమిట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మనవరాలు లేచి, కట్టేసిన మూటల్లో ఒకదాని ముడి విప్పి, రెండో దిండు బయటికి తీసింది. కోడలికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇలాంటి మనిషి తన ఇంట్లో మూడేళ్లు కూర్చుని తన ఫొటోలు చూసిందన్న గర్వం కూడా అందులో ఉంది. తర్వాత కళ్లు తుడుచుకుని, అత్తగారి బట్టలూ మందులూ సర్దడానికి మెట్లెక్కింది.